ఏడుపు నేర్పిన రాజమణమ్మ

గౌలిపురలోని రాజమణి ఇంటికి కొరియర్ రావడం అదే మొదటిసారి. పాలు పోయడానికి వచ్చిన కైలాసం క్యాను మెట్టు మీద పెట్టి, ఆ పొట్లాన్ని తానే అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా! మన సీరియల్ డబ్బాల బెట్టి పంపిండ్రే! జల్ది ఇప్పు. నా బొమ్మ ఉన్నదా సూడు."

"నీ మొకం. డబ్బా మీద పీనుగ బొమ్మ ఎవలేస్తర్రా?" అంది రాజమణి. అంటూనే ఆమె చేతులు కూడా తొందరపడుతున్నాయి.

"గౌలిపుర కేసు" నాలుగేళ్ల కిందట, రెండువేల ఒకటిలో, టీవీలో వారానికోసారి వచ్చిన హత్య కేసు సీరియల్. కథలో చనిపోయే కుర్రాడికి పాతబస్తీలో పాత ఇల్లు కావలసి వచ్చింది. తిరిగి తిరిగి సీరియల్ వాళ్లు రాజమణి ఇంటికి వచ్చారు. ఆమె భర్త పురుషోత్తం మిర్చి హోల్‌సేల్ వ్యాపారి. "ఇంట్ల పీనుగను పండబెట్టుకుంటమా, దిమాక్ ఖరాబైందా" అని లేచాడు. రాజమణే పట్టుబట్టి ఒప్పించింది. పద్దెనిమిది రోజులు ఇల్లంతా వైర్లు, లైట్లు, కొత్త మనుషులు. బావి దగ్గర దొరికే రెండో శవంగా కైలాసాన్ని పడుకోబెట్టారు. ఆ తర్వాత గల్లీలో అందరూ అతన్ని పీనుగ కైలాసం అనడం మొదలుపెడితే, అతను కోప్పడకపోగా పిలిచినప్పుడల్లా పలికేవాడు.

డబ్బాలో మూడు డిస్కులున్నాయి. రెండింటిలో సీరియల్. మూడోదాని మీద నవ్వుతున్న మనుషుల ఫోటోలు వేసి, "తెర వెనక" అని రాశారు. తోడుగా ఒక చీటీ: "మాకు ఇల్లిచ్చిన రాజమణమ్మ గారికి ప్రేమతో, ఫణికుమార్." కింద ఫోన్ నంబరు. ఫణికుమార్ దర్శకుడి దగ్గర పనిచేసిన కుర్రవాడు. ఎప్పుడు చూసినా మెడలో చిన్న కెమెరా వేలాడేసుకుని తిరిగేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కోడలు కీర్తిప్రియ ముందు మూడో డిస్కే పెట్టింది. "కథ మనకెర్కే గదా అత్తమ్మా. షూటింగ్ ముచ్చట్లు జూద్దాం."

ఆమె ఈ ఇంటికి వచ్చి రెండేళ్లే. ఆ షూటింగు సందడి ఆమె చూడలేదు.

తెర మీద ఇదే హాలు. ఇదే గోడ. ఒకతను బీట్‌రూట్ రసంలో ఏదో కలిపి నెత్తురు తయారు చేస్తున్నాడు. తరువాత కైలాసం, తడిసిన బట్టలతో, చాలా గంభీరంగా: "సచ్చినోని లెక్క పండుడు అల్కగాదు సార్. దోమ కుట్టినా సప్పుడు జెయ్యద్దు." అత్తా కోడలూ పడిపడి నవ్వారు. అంతలో లోపల ఫోన్ మోగింది. ఉప్పుగూడ నుంచి కీర్తిప్రియ వాళ్లమ్మ. ఆమె లేచి వెళ్లింది.

అప్పుడు తెర మీద అక్షరాలు పడ్డాయి: "మాకు ఏడుపు నేర్పిన రాజమణమ్మ."

చాయ్ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది తను. నాలుగేళ్లు చిన్నది. ఆ చీర కూడా గుర్తే. తల్లి వేషం వేసిన విమలాదేవి నేల మీద కూర్చుని ఉంది. ఎన్నిసార్లు ఏడ్చినా దర్శకుడికి నచ్చడం లేదు. "అందరూ ఏడ్చే ఏడుపే ఇది. నాకు ఒక్క తల్లి ఏడవాలి" అంటున్నాడాయన. రాజమణికి ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. సాయం చేద్దామనే నోరు తెరిచింది.

"మా కింద పోర్షన్ల సీతమ్మ వదినె ఉంటది సార్," అంటోంది తెర మీది రాజమణి, నెమ్మదిగా. "ఆమె బిడ్డ పోయినప్పుడు ఎత్తుకపోతుంటే గట్టిగ ఏడ్వలే. దాని చెప్పులెయ్యండి, ఎండకు కాళ్లు కాల్తయి అన్నది."

విమలాదేవి తలెత్తి చూసింది.

"ఎలా అంది? ఆవిడ అన్నట్టే అనండి," అన్నాడు దర్శకుడు.

రెండోసారి రాజమణి గొంతు మారింది. కోస్తా యాస తెచ్చుకుంది. "దాని చెప్పులేయండీ... ఎండండీ... కాళ్లు కాల్తాయండీ..." ఆ అండీల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనెవరో పెద్దగా నవ్వారు. "అమ్మో, సూపరు! ఇంకొక్కసారి రాజమణమ్మ గారూ!"

మూడోసారి ఆమె పళ్లెం కింద పెట్టింది. కొంగు తల మీద కప్పుకుంది. గుండె మీద చెయ్యి కొట్టుకుంటూ, ప్రతి మాటకీ ఒక అండీ తగిలించి, సాగదీసి సాగదీసి అంది. అందరూ నవ్వారు. చివర తను కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రాజమణికి రిమోట్ పట్టడం తెలియదు. లేచి వెళ్లి ప్లగ్గు పీకేసింది.

"కరెంటు పోయిందా అత్తమ్మా?" అని లోపలి నుంచి అడిగింది కీర్తిప్రియ.

"పోయింది."

ఆమె చాలాసేపు ఆ నల్లటి తెర ముందే కూర్చుంది. అందులో కిటికీ, కిటికీ ముందు ఒక ముసలి ఆకారం కనిపిస్తున్నాయి.

సీతారావమ్మ, ఆమె భర్త పరబ్రహ్మం కింది పోర్షన్లో దిగి ఇరవై రెండేళ్లయింది. రాజమండ్రి వైపు వాళ్లు. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. వాళ్లకి ఒక్కతే పిల్ల, అమృత. వచ్చేటప్పటికి మూడేళ్లది. రాజమణికి ఆడపిల్లల్లేరు. కాబట్టి ఆ పిల్ల జడ పైన రాజమణి దగ్గరే, నిద్ర అక్కడే, సగం అన్నం అక్కడే. ఎనభై తొమ్మిది మే నెలలో మెదడువాపు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. తొమ్మిదేళ్లు.

ఆఖరి జడ రాజమణే వేసింది. మిట్టమధ్యాహ్నం ఎత్తారు. గుమ్మం దాటుతుండగా సీతారావమ్మ ఆ మాట అంది. అరవలేదు. స్కూలుకు పంపేటప్పుడు అన్నట్టే అంది. అప్పుడు పరబ్రహ్మం మేనత్త ఒకావిడ, "శవానికి చెప్పులేవిటే, పిచ్చెక్కిందా" అని కసిరింది. ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు. మనుషులు వెళ్లిపోయేటప్పుడు వెనక మిగిలినవాళ్లు ఏం అంటారో, ఎందుకంటారో ఎవరికి తెలుసు? కానీ ఆ కసురు సీతారావమ్మలో ఉండిపోయింది. తన బిడ్డ పోతున్న క్షణంలో పిచ్చిదానిలా మాట్లాడానని, పది మందిలో నగుబాటయ్యానని పన్నెండేళ్లు అనుకుంది. ఆ రోజు గురించి ఎత్తేది కాదు. అమృత పేరు కూడా ఎత్తేది కాదు.

సీరియల్ పదకొండో వారంలో ఆ మాట టీవీలో వచ్చింది. విమలాదేవి గుమ్మం పట్టుకుని, యాస లేకుండా, మెల్లగా అంది. మర్నాడు పొద్దున్నే సీతారావమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో కేసరి గిన్నె. కళ్లు వాచి ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది.

"ఒసే రాజమణీ, విన్నావా రాత్రి? నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని కాదే. ఇంకెక్కడో ఇంకో తల్లి కూడా ఇదే మాట అంది. లేకపోతే ఆ రాసినాయనకి ఎలా తెలుస్తుంది? వాళ్లమ్మే అందేమో. తల్లులందరికీ అదే నోటికి వస్తుందేమో!"

అప్పుడు చెప్పవలసింది. ఆ ఒక్క పొద్దున చెప్పవలసింది. "అవునే వదినా" అంది రాజమణి. అని కేసరి తింది.

ఆనాటి నుంచి సీతారావమ్మ మనిషి మారింది. అమృత ఫోటో పెట్టెలోంచి తీసి గోడకు తగిలించింది. అది అల్లరి చేసిన సంగతులు, తప్పు పలికిన మాటలు చెప్పి నవ్వేది. సీరియల్ రాసినాయనకి టీవీ వాళ్ల చిరునామాకి ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. ఇంకోటి రాసింది. నాలుగేళ్లలో ఆ మాట ఎప్పుడు వచ్చినా రాజమణి చేతిలో పనేదో చూసుకునేది.

ఆ సాయంత్రమే సీతారావమ్మ పైకి వచ్చింది. కైలాసం ఎక్కడా మాట దాచడు కదా.

"మూడో దాంట్లో వాళ్లందరూ మాట్లాడతారటగా? ఆ రాసినాయన కూడా ఉంటాడేమోనే. ఆయన నోటితో వినాలని ఉంది. ఎవరు చెప్పారు, వాళ్లమ్మేనా అని. పెట్టించవే."

"అది సరిగ ఆడ్తలేదు వదినా. గీతలు పడ్డయంట."

"కొత్తదేగా?"

"కొత్తదే. గట్లనే వచ్చింది."

ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి రాజమణికి మర్నాడు మధ్యాహ్నం వీలు చిక్కింది. కీర్తిప్రియ నిద్రపోతోంది. రాజమణి మూడో డిస్కు తీసి, గిన్నెలు తోమే దగ్గర కూర్చుని, ఇనుప పీచుతో రుద్దింది. ఒక పక్క అద్దంలా ఖాళీగా ఉంది. ఇంకో పక్క బొమ్మలున్నాయి. బొమ్మలున్న పక్కనే కదా బొమ్మలుంటాయి అనుకుంది. నవ్వుతున్న మొహాలన్నీ పోయేదాకా, "తెర వెనక" అన్న అక్షరాలు పోయేదాకా, జాగ్రత్తగా, గుండ్రంగా తోమింది. కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టేసింది. ఆ తర్వాత ఒక గంట నిద్ర పట్టింది.

రెండు రోజులకి మాదన్నపేట మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు తెచ్చుకుంటోంది. సంచి బరువుకి మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే, పైనుంచి తన గొంతే వినిపించింది.

"దాని చెప్పులేయండీ... ఎండండీ..."

తరువాత నవ్వులు.

సంచిలోంచి ఒక వంకాయ జారి మెట్ల మీదుగా దొర్లుకుంటూ పోయింది. ఎలాగో గుమ్మం దాకా వెళ్లింది. టీవీ ముందు కుర్చీలో సీతారావమ్మ వీపు కనిపిస్తోంది. పక్కన నిలబడ్డ కీర్తిప్రియ ముఖంలో నవ్వు లేదు, ఏమైందో తెలియని కంగారు ఉంది.

"వెనక్కి తిప్పమ్మా," అంది సీతారావమ్మ.

"ఆంటీ, రెండుసార్లు చూసిండ్రు గదా..."

"ఇంకొక్కసారి."

మూడోసారి మొత్తం చూసింది. రాజమణి కూడా గుమ్మంలో నిలబడి మొత్తం చూసింది. ఇప్పుడు ప్లగ్గు పీకి లాభం లేదు.

"అత్తమ్మా, వచ్చిండ్రా?" అంది కీర్తిప్రియ, అత్తగారిని చూసి ఊపిరి పీల్చుకుంటూ. "ఆంటీ అడిగితే పెట్టిన. డిస్కు మీద ఎవరో రుద్దినట్టుంది అత్తమ్మా, బొమ్మలన్ని పోయినయి. ఐనా ఏం గాలే, ఆడేది అవతలి దిక్కు గదా."

సీతారావమ్మ ఆ డిస్కు తీయించి చేతిలోకి తీసుకుంది. గుండ్రటి గీతల మీద వేలు నడిపింది. ఇరవై రెండేళ్లుగా ఒకే చోట గిన్నెలు తోముకున్న ఆడవాళ్లు. ఎవరి చేతి గీత ఎలా ఉంటుందో తెలుసు.

"తోమావా?"

"తోమిన వదినా."

"పీచుతోనా?"

"ఆ."

సీతారావమ్మ తల ఊపింది. కేకలేస్తుందేమో, కొడుతుందేమో అనుకుంది రాజమణి. కొడితే బాగుండుననుకుంది.

"అయితే ఇంకే తల్లీ అనలేదన్నమాట," అంది సీతారావమ్మ. "నేనే."

డిస్కు కుర్చీలో పెట్టి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయింది.

లొల్లి జరగలేదు. అదే రాజమణికి నరకమైంది. మూడో రోజున కిందనుంచి పిలుపు వినిపిస్తే గబగబా పిట్టగోడ దగ్గరికి వెళ్లింది.

"వానొచ్చేలా ఉంది. మీ బట్టలు తీసుకోండి," అంది సీతారావమ్మ కింద నిలబడి.

ఒసే లేదు. నువ్వు లేదు. పేరు లేదు. హాల్లో పేపరు చదువుతున్న పురుషోత్తం నవ్వాడు. "ఏందే, సీతమ్మ నిన్ను మీరు అంటున్నది? కొత్తగ ఇజ్జత్ పెరిగిందా నీకు?"

"ఊకో," అంది రాజమణి. తీగ మీది బట్టలు ఒక్కొక్కటే తీసి భుజం మీద వేసుకుంది. ఊళ్లు విడిచి పోయినవాళ్లను, చచ్చిపోయినవాళ్లను ఆమె ఎందరినో సాగనంపింది. కానీ పదిహేను మెట్ల కింద ఉండి దూరమైపోయిన మనిషిని ఎలా పిలవాలో ఆమెకు తెలియదు.

ఎనిమిదో రోజు పొద్దున దిగి వెళ్లింది. వసారాలో పరబ్రహ్మం ఆమెను చూసి, ఏమీ అనకుండా కండువా వేసుకుని వీధిలోకి నడిచాడు. సీతారావమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. కుర్చీ చూపించింది. రాజమణి కుర్చీలో కూర్చోలేదు. గడప దగ్గర కింద కూర్చుంది. గోడ మీద అమృత ఫోటో లేదు. ఆ చోట మేకు ఒక్కటే ఉంది.

"వదినా, ఒక్క మాట చెప్తా. మొదటిసారి చెప్పినప్పుడు నాకు నిజంగ ఏడ్పొచ్చింది. ఆ బిడ్డ జడ యాదికొచ్చింది. రెండోసారి చెప్తుంటే వాళ్లు నవ్విండ్రు." గడప మీద వేలితో గీసింది. "మూడోసారి... నవ్వాలెననే చెప్పిన. ఇంతమంది నన్ను జూస్తున్నరని మస్తు సంబురమైంది వదినా. గదే నిజం. ఇంకేం లేదు."

సీతారావమ్మ ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. ఇంకోటి ఏరింది.

"నాలుగేళ్లు నేను అందరికీ చెప్పుకున్నాను," అంది. "మా ఆడపడుచుకి చెప్పాను. మార్కెట్లో చెప్పాను. ఇంకో తల్లి కూడా ఇలాగే అందట అని. మీరు పక్కనే ఉండేవారు."

"ఉన్న."

"నవ్వినందుక్కాదండీ. మీరు పక్కనే ఉండేవారు."

రాజమణి తల వంచుకుంది. లేచి వెళ్లబోతుంటే సీతారావమ్మ చాట కదపడం ఆపింది.

"ఆవిడ నవ్వలేదు."

"ఎవరు?"

"ఆ విమలాదేవి. నేను మూడుసార్లు చూసింది అందుకే. అందరూ నవ్వుతుంటే ఆవిడ తల అటు తిప్పుకుంది. తర్వాత టీవీలో ఆవిడ ఆ మాట అన్నప్పుడు నేను అన్నట్టే అంది. మీరు చూపించినట్టు అనలేదు. ఎలా తెలిసిందో అడగాలి. నంబరు దొరుకుతుందా అండీ?"

చీటీ మీద ఫణికుమార్ నంబరుంది. అప్పుడే ఇద్దరూ పైకి వచ్చారు. సీతారావమ్మ ఫోన్ పక్కన కుర్చీలో కూర్చుంది. రాజమణి నిలబడే నంబరు కలిపింది.

"ఎవరండీ?"

"గౌలిపుర నుంచి రాజమణిని."

"అబ్బో, రాజమణమ్మ గారా!" ఫణికుమార్ గొంతు రిసీవర్లోంచి గదంతా వినపడింది. "డిస్కు అందిందా? మా ఆఫీసులో మీ బిట్టే హిట్టు తెలుసా! ఎవరొచ్చినా అదే పెట్టి చూపిస్తాం. ఏదీ, ఒక్కసారి అనండి, మావాళ్లు వింటారు. చెప్పులేయండీ... ఊఁ, అనండి!"

వెనక ఎవరో అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. రాజమణి సీతారావమ్మ వైపు చూడలేకపోయింది.

"ఆ మాట నాది గాదు బాబూ," అంది రాజమణి.

"ఆఁ? ఏంటమ్మా?"

"నాది గాదు. మాట అన్నామె నా పక్కన కూసున్నది. నేను ఆమెను వెక్కిరించిన. మీరందరు నవ్విండ్రు, నేను నవ్విన. ఇప్పుడు ఆమె మాట్లాడ్తది. నవ్వుడు బంద్ చేసి ఇనుండ్రి."

అవతల నవ్వులు ఆగిపోయాయి. ఆమె రిసీవర్ అందించింది. సీతారావమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నమస్కారమండీ. నా పేరు సీతారావమ్మ. అమృత వాళ్లమ్మని." కొంచెం ఆగింది. "అవునండీ. తొమ్మిదేళ్లు. అయ్యో, మీరెందుకండీ బాధపడటం... నాకు విమలాదేవి గారితో మాట్లాడాలండీ."

అతను చెప్పిన నంబరు ఒక్కో అంకే పైకి చెబుతూ చీటీ వెనక రాసుకుంది. తరువాత ఆ నంబరు తానే కలిపింది. మోగుతుండగా కుర్చీని గోడ వైపు తిప్పుకుంది.

రాజమణికి అర్థమైంది. తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చి, పై మెట్టు మీద కూర్చుంది. కింద కైలాసం క్యాను చప్పుడు చేసుకుంటూ వచ్చాడు.

"ఏందక్కా, నీ ఇంట్ల నువ్వే బైట కూసున్నవ్?"

"పాలు కింద పెట్టి పో," అంది ఆమె.

లోపల సీతారావమ్మ గొంతు మొదలైంది. ముందు తడబడింది, ఆ తర్వాత కుదుటపడింది. ఏదో చెబుతోంది. అమృత పేరు రెండుసార్లు వినిపించింది. ఆ తర్వాతి మాట స్పష్టంగా వినపడబోతుండగా, రాజమణి మోకాళ్లు పట్టుకుని లేచి, వినపడని చోటు దాకా మెట్లు దిగింది.